బిగించకూడని మూత

నన్ను దొంగ అన్నవాడు ఆ డబ్బాను కళ్ళతో చూడటం ఆ రోజే మొదలు. నేను మాత్రం పదకొండేళ్ళుగా దాన్ని పసిబిడ్డలా కనిపెట్టుకుని ఉన్నదాన్ని.

మాది పశువుల ఆసుపత్రి. వెనక గదిలో నడుమెత్తు అల్యూమినియం డబ్బా ఉంటుంది. దాని నిండా ద్రవ నైట్రోజన్, అందులో మునిగి మేలుజాతి ఎద్దుల వీర్యం నింపిన సన్నని గొట్టాలు. ఆ ద్రవానికి మనం చల్లగా ఉందనుకునే గదిలో ఉన్నా పొయ్యి మీద ఉన్నట్టే. ఎంత మందపు డబ్బాలో పెట్టినా నిదానంగా మరుగుతూ ఆవిరైపోతుంటుంది. రోజూ పొద్దున్నే కొలకర్ర ముంచి తీసి గాలిలో ఊపితే, ఎంత మేర మంచు పడితే అంత మేర ద్రవం ఉన్నట్టు. అది రిజిస్టరులో రాస్తాను, తగ్గితే తెప్పించి పోయిస్తాను.

కొత్తగా వచ్చిన తనిఖీ అధికారి ఆ రిజిస్టరు తిరగేశాడు.

"నెల మొదట్లో పద్దెనిమిది అంగుళాలు. ఇప్పుడు తొమ్మిది. మిగతాది ఏమైంది?"

"ఆవిరైపోయిందండి."

"నేల మీద చుక్క తడి లేదే."

"దానికి తడి ఉండదండి. గాలిలో కలిసిపోతుంది."

"నా చెవిలో పువ్వు కనిపిస్తోందా నీకు? వేదికల మీద పొగ వేసేవాళ్ళు దీనికోసం ఎగబడతారట. వాళ్ళలో ఎవరికి పోస్తున్నావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు పెంచకుండా, మూత వదులుగా ఉంటుందని, ఆవిరి ఆ సందులోంచే పోతుందని చూపించాను. అదే నా కొంప ముంచింది.

"సందులోంచి పోతోందని నువ్వే అంటున్నావుగా. సందు మూసేస్తే సరి. రేపు పొద్దున వచ్చి కొలుస్తాను. ఈలోగా ముద్ర చెదిరిందో, దొంగవి నువ్వే" అన్నాడు.

మూత చుట్టూ రబ్బరు పట్టీ బిగించి, ఇనుప తీగ చుట్టించి, ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర గుద్దాడు. నేను లబోదిబోమన్నాను. లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు ఏడువందల లీటర్ల గాలి అవుతుందని, దారి లేకపోతే డబ్బా పగులుతుందని చెప్పాను.

"ఇంతకీ నువ్వేం చదివావు?" అన్నాడు.

నేను మా డాక్టర్ గారి వైపు చూశాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే, "ఈ మూత మాత్రం ఎన్నడూ బిగించకమ్మా, బాంబు అయి కూర్చుంటుంది" అని నాకు నేర్పింది ఆయనే. ఇప్పుడు మందుల చీటీలు సర్దుకుంటూ, ఆ మాట ఎన్నడూ విననట్టు కూర్చున్నారు. అధికారి వెళ్ళాక దగ్గరికెళ్ళి, ఏం చేయమంటారని అడిగాను.

"పై అధికారి వేసిన ముద్ర. నన్ను ఇందులోకి లాగకు. నువ్వే చూసుకో" అన్నారు.

మధ్యాహ్నం మూడింటికి ముందుగది నిండింది. ఆవులను తోలుకొచ్చినవాళ్ళు, వాళ్ళ వెంట పిల్లలు. నేను వెనక గదిలోకి తొంగిచూస్తే, లక్క నిలువునా చీలి ఉంది. మూత పైకి లేవబోతూ తీగను గుంజుతోంది. కిటికీలు, తలుపు బార్లా తెరిచి, ముఖం పక్కకు తిప్పుకుని, పట్టకారుతో తీగ తెంచాను. మూత టప్పున లేచి గోడకు తగిలింది. తెల్లటి పొగ నేలంతా పరుచుకుంది. అదంతా సర్దుమణిగాక మూతను మళ్ళీ వదులుగా పెట్టాను.

ఇంటికెళ్ళి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ వింటూనే, "వాళ్ళింట్లో కుక్కర్ విజిల్ పీకేసి, ఆ కన్నానికి మేకు కొట్టి పొయ్యి మీద పెట్టుకోమను. నువ్వు మాత్రం తల దించకు" అంది.

తెల్లారేసరికి వెనక గదిలో మెమో సిద్ధంగా ఉంది. సరుకు దొంగిలించి, ముద్ర చెరిపినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తారట. ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలట. డాక్టర్ గారు ఆ పక్కనే కుర్చీలో ఉన్నారు.

"ముద్ర తెంచావా, లేదా?" అన్నాడు అధికారి.

"తెంచానండి."

"ఇంకేం, సంతకం పెట్టు."

"పెడతాను. ముందు మీరు మళ్ళీ నిన్నటిలాగే మూత బిగించి ముద్ర వేయండి. మనం ముగ్గురం తలుపేసుకుని సాయంత్రం దాకా ఈ గదిలోనే కూర్చుందాం. అప్పుడు పెడతాను."

నేను బెదిరిస్తున్నానని అనుకున్నాడు కాబోలు, నవ్వి తీగ తెప్పించాడు. రబ్బరు పట్టీ చుట్టి, కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించసాగాడు. డాక్టర్ గారు కళ్ళద్దాలు జేబులో వేసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా లేచి, వరండాలోకి వెళ్ళారు. కిటికీ కింద బెంచీ మీద కూర్చున్నవాళ్ళతో, "మీరంతా కాస్త అవతలికి వెళ్ళండమ్మా. ఇక్కడొద్దు" అంటున్నారు. ఆ మాటలు లోపలికి స్పష్టంగా వినిపించాయి.

అధికారి చెయ్యి ఆగింది. కిటికీలోంచి పిలిచాడు.

"డాక్టర్ గారూ, వాళ్ళనెందుకు పంపేస్తున్నారు?"

ఆయన కిటికీ దగ్గరికి వచ్చారు. "అది బిగిస్తే పేలుతుందండి" అన్నారు.

అధికారి కొవ్వొత్తి ఆర్పేశాడు. తీగ తనే విప్పాడు. మెమో మడిచి సంచీలో పెట్టుకున్నాడు. దొంగ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మరి ఈ ముక్క నిన్న చెప్పాల్సింది కదా?" అని ఆయన్ని నిలదీశాడు.

"మీరు నన్ను అడగలేదు కదండీ."

"నన్నూ ఎవరూ అడగలేదు డాక్టర్ గారూ" అన్నాను. "నేను చెప్పాను."