పరగడుపు ప్రయాణం

మా ఆయన బాలశౌరి పామర్రులో వెంకటసుబ్బారావుగారి రైసుమిల్లు లారీ తోలేవాడు. వీధి చివర హారన్ వినబడగానే నేను ఎసట్లో బియ్యం పోసేదాన్ని. ఆ హారన్ తలుచుకుంటే ఈ వయసులో కూడా పొయ్యి దగ్గరికి లేచి వెళ్ళాలనిపిస్తుంది.

డెబ్బైల్లో ఓ ఏడు ఆయనకి షుగరు జబ్బు పట్టుకుంది. బెజవాడ డాక్టరుగారు రోజూ ఇన్సులిన్ సూది వేసుకోమన్నారు. మా ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? మందు సీసాని కొత్తకుండలో దించి, చుట్టూ తడిగుడ్డ చుట్టేదాన్ని. పొద్దున్నే గాజు సిరంజి గిన్నెలో వేసి మరగబెడుతుంటే ఆ గలగలకే ఆయన లేచి కూర్చునేవాడు. జబ్బు రోజులే గానీ, ఎంత బావుండేవో ఆ పొద్దులు.

డాక్టరుగారు రెండు మాటలు గట్టిగా చెప్పారు. "సూది పడ్డాక తినకుండా ఉన్నావంటే ఒళ్ళు తెలియకుండా పడిపోతావ్. పైగా బండి తోలేవాడివి, మీ ఓనరుగారికి ఈ సంగతి చెప్పి తీరాలి."

మొదటి మాట నాకొదిలేశాడు, రెండోది మింగేశాడు. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగారట. "గుండ్రాయిలా ఉన్నానండీ" అన్నాడట! నేను పోరు పెడితే, "చెబితే స్టీరింగు లాగేసుకుంటారే తెరేసా. అది లేకపోతే నేనెవర్ని?" అనేవాడు. ఉత్త మొండిఘటం.

ఏటా ఫిబ్రవరిలో బెజవాడ గుణదల మేరీమాత తిరునాళ్ళకి సుబ్బారావుగారు లారీ ఊరికే ఇచ్చేవారు. "మీ మాతకి నా పేరు కూడా చెప్పండమ్మా" అనేవారు. మా పేటంతా వెనక ఎక్కి పాటలు అందుకునేది. నేను ముందు, ఆయన పక్కన.

ఆ ఏడు తెల్లవారుజామున సూది వేసి ఇడ్లీలు పెట్టాను. "లారీ దగ్గర తింటాలే" అని డబ్బా పట్టుకుపోయాడు. తిన్నాడనే అనుకున్నాను. తింటేగా! గుళ్ళో పూజలో ఫాదర్‌గారు నాలిక మీద పెట్టే సత్ప్రసాదం తీసుకునేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదని వాళ్ళమ్మ నేర్పింది. గంట ముందు మానేస్తే చాలని ఫాదర్‌గారు ఎన్నిసార్లు చెప్పినా, ఈయనకి ఫాదర్‌గారికంటే వాళ్ళమ్మే పెద్ద.

ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి చెరుకుబళ్ళు బారుగా ఫ్యాక్టరీకి పోతున్నాయి. కుడిపక్కన కాలవ. చూద్దును కదా, ఆ పొద్దుటి చలిలో ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"అమ్మా, ఇంకెంత దూరమే?" అన్నాడు నా వంక చూసి.

లారీ మెల్లగా కాలవవైపు జారుతోంది. వెనక జనం ఏమీ తెలియక మరియమ్మ పాట పాడుకుంటున్నారు. స్టీరింగు రెండు చేతులా నావైపు లాగి, హ్యాండ్‌బ్రేకు పట్టి గుంజేశాను. లారీ గట్టు మీద రాళ్ళకి రాసుకుంటూ ఆగింది.

మాతకి మొక్కుకున్న చక్కెరకేళి పళ్ళు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఒకటి ఒలిచి నోట్లో పెట్టబోతే పళ్ళు బిగించేశాడు. "సత్ప్రసాదం... ఇంకా..." అని గొణుగుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మాత ముందుకెళ్ళాలంటే ముందు బతికుండాలి మహానుభావా!" అని చెంప మీద ఒక్కటిచ్చి, కొంచెం కొంచెంగా తినిపించాను. నా జన్మలో మొగుణ్ణి కొట్టింది అదొక్కసారే.

కాసేపటికి తేరుకున్నాడు. జనం దిగి చుట్టూ మూగారు. "ఏమైంది శౌరీ?" అని ఒకటే కంగారు. కునుకు పట్టిందంటే సరిపోయేది, ఎవరూ కాదనరు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన కాలవ వంక చూశాడు. చంటిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లుల వంక చూశాడు.

"నాకు షుగరు జబ్బుంది. దాచిపెట్టాను. మిమ్మల్నందర్నీ ముంచేసేవాణ్ణి" అని భోరుమన్నాడు. లారీ తాళం తీసి నా చేతిలో పెట్టేశాడు. ఆ రోజు మేమంతా బస్సులెక్కి గుణదల వెళ్ళాం.

ఊరికొచ్చి మా ఆయన సంగతంతా చెబితే సుబ్బారావుగారు కోపంతో ఊగిపోయారు. "ముందే చెప్పి ఏడవచ్చు కదయ్యా!"

"చెబితే లారీ మీంచి దించేసేవారు కదండీ."

"దించేసేవాణ్ణే! దించేసి వీధిలో పడేస్తాననుకున్నావా?" అన్నారు.

అప్పట్నించీ మిల్లు లారీల తాళాలన్నీ మా ఆయన దగ్గరే ఉండేవి. పొద్దున్నే డ్రైవరు వచ్చి తాళం అడిగితే, "తిన్నావా? నిద్రపోయావా? ఒంట్లో ఎలా ఉంది?" అనేవాడు. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. జవాబు చెప్పాకే తాళం ఇచ్చేవాడు.

మరుసటేడు తిరునాళ్ళకి మేమిద్దరం లారీ వెనక ఎక్కాం. అన్నేళ్ళూ ఇంజను హోరులో వినబడని పాటలు ఆయన మొదటిసారి పూర్తిగా విన్నాడు. తనూ అందుకున్నాడు, శ్రుతీ లేదు పాడూ లేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు మాత్రం బ్రేకు మీద ఉన్నట్టే కింద చెక్కని నొక్కుతోంది. ఆ కాలు చూసి నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఉయ్యూరు కాలవ దగ్గర, నేను అడక్కముందే డబ్బా మూత తీసి, అందరి ముందూ ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"మా అమ్మ ఏమీ అనుకోదులేవే" అన్నాడు.