సొరబుర్రల తాడు

ఎండిన సొరబుర్రలు రెండింటినీ కిత్తనార తాడుతో జత కట్టి పెట్టమని మా అత్త లక్ష్మీదేవమ్మ చెప్పింది. ఈత సరిగా రానివాళ్లు వాటిని వీపుకు కట్టుకుంటే నీళ్ల మీద తేలతారు. ఏటా కార్తీకంలో పావురాల గుండానికి పోయినప్పుడు మా బావ వాటితోనే నడిమధ్యకు పోయి వస్తాడు. అదే ఆయన గొప్ప.

నేను నీళ్లలో నానినా తెగని ఆ కిత్తనార తాడు పక్కన పడేసి, అటక మీద చివికిపోయిన పాతచీర అంచు ఒకటి తీసి పేని తాడు చేశాను. చూడటానికి గట్టిగానే ఉంది. మిగిలిన ముక్కను తొట్టి నీళ్లలో నానబెట్టి లాగి చూశాను. తెగింది.

మా బావ ఓబుళరెడ్డి అంటే మా ఆయనకు అన్న. ఇంట్లో బావ మాటే మాట. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, తమ్ముడికి నన్ను ఇమ్మని అడిగాడు. మా పుట్టిల్లూ ఈ ఊరే. మా నాయన, "పాప సదువు కానీప్పా, నాలుగేండ్లు పోనీ" అన్నాడు. నెల తిరక్కుండానే బావ మళ్లీ వచ్చి, మా దిగుడుబావిలో నేను మా బడిలో పాఠాలు చెప్పే ఏసేపు అయ్యవారి కొడుకు గాబ్రియేలుతో కలిసి ఈదుతుంటే కళ్లారా చూశానన్నాడు. ఆ రోజు బావిలో ఉన్నది నేనొక్కదాన్నే. మా తమ్ముడి పలక నీళ్లలో పడితే మునిగి తీశాను. మా నాయన నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అయ్యవారు కొడుకును తీసుకుని ఊరొదిలి పోయాడు. నేను బడి వదిలి ఈ ఇంటికి వచ్చాను.

ఆ ఏటికి నా కూతురు చెన్నమ్మకు ఆరేళ్లు. బడిలో వేద్దామంటే మా ఆయన తన అన్న ముఖం చూసేవాడు. అన్న నవ్వేవాడు. "ఆడబిడ్డకు బడేంది? మీ యమ్మ సదివి ఏం సేసిందో తెలుసునా?" అని పిల్లనే అడిగేవాడు. ఆ నవ్వు విన్న రోజే నాకు అటక మీది చీర గుర్తొచ్చింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. రెండు బండ్లలో బయలుదేరాం. మా నాయన కూడా వచ్చాడు. ముందు మహానంది. కోనేటి అడుగున పడిన అణాబిళ్ల కూడా కనపడేంత తేట నీళ్లు. తర్వాత యాగంటి. బసవన్న ఏటేటా పెరుగుతాడని అత్త చెప్తే, చెన్నమ్మ జేన పెట్టి కొలవబోయి అందక ఏడ్చింది. అందరికీ పండగే. నాకు మాత్రం బండి వెనక వేలాడే బుర్రల మీదే కన్ను. పిల్ల వాటిని తట్టినప్పుడల్లా చెయ్యి పట్టి ఇవతలికి లాగేదాన్ని. ఎవరైనా నా బిడ్డకే కట్టి దింపితే? రెండుసార్లు తాడు విప్పబోయాను. రెండుసార్లూ ఆ నవ్వు వినపడి ఆగిపోయాను.

పావురాల గుండం దూరానికి కనపడదు. నాపరాళ్ల బీడు మధ్యలో నేల ఒక్కసారిగా కూలిపోయి ఉంటుంది. చుట్టూ నిట్టనిలువు రాయి, సందుల్లో పావురాలు, అడుగున పచ్చటి నీళ్లు. లోతు ఎవరికీ తెలియదు. దిగడానికి ఒకవైపు మెట్లు చెక్కారు. కింద గొణిగినా పైగట్టుకు వినపడుతుంది. పొలం గట్ల తగాదాలున్నవాళ్లు ఇక్కడ మునిగి తడిబట్టలతో ప్రమాణం చేస్తారు. ఈ నీళ్లలో అన్న మాటను తర్వాత ఎవరూ కాదనరు.

మా ఆయన, మిగతావాళ్లు పైన వంట పనిలో ఉన్నారు. మెట్ల మీద అత్త, మా నాయన, నేను, చెన్నమ్మ. బావ బుర్రలు చేతికి తీసుకోగానే పిల్ల ఎగిరింది.

"పెదనాయనా, నాకు కట్టు! నేనీదుతా!"

నేను దాన్ని లాగి గట్టిగా పట్టుకున్నాను.

"ఆడపిల్లవు, నీకీతెందుకు మే? పోయి మీ జేజి కాడ గమ్మున కూసో" అని బావ అత్తను చూపించి నవ్వాడు.

"రా తల్లీ" అని ఉంటే ఆ తాడు నేనే తెంపి పారేసేదాన్ని. అనలేదు.

"సూడు మామా, నలభై ఏండ్లొచ్చినా ఎట్టా పోతాండానో!" అని మా నాయనతో అంటూ నీళ్లలోకి దిగాడు. నడిమధ్యకు పోయాక బుర్రలు ఒకటటు, ఒకటిటు జరిగాయి. బావ చేతులు కొట్టుకున్నాడు. మునిగాడు, లేచాడు.

"అయ్యో నా కొడకా! ఎవురన్నా దిగండ్రా!" అని అత్త అరిచింది. పైనున్నవాళ్లు గట్టు మీదికి పరుగెత్తుకొచ్చారు. ఒక్కరికీ ఈత రాదు.

పిల్లను అత్త ఒడిలోకి తోసి, చీర గోచిగా బిగించి దూకాను. తొమ్మిదేళ్లయినా చేతులు మరిచిపోలేదు. రెండు బుర్రలూ చంకల్లో పెట్టుకుని, బావ చెయ్యి అందనంత దూరంలో ఆగాను.

"ఇయ్యి మే! ఇయ్యి!"

"ఇస్తా బావా. ఆ పొద్దు మా బాయిలో ఎవరుండ్రి?"

"సచ్చిపోతా..."

"చెప్పి సావు."

మళ్లీ మునిగాడు. లేచి దగ్గుతూ, "నువ్వే! ఒక్కదానివే!" అన్నాడు.

"గాబ్రియేలు?"

"వాడు ఊర్లోనే ల్యాకుండె! పెండ్లి తొందరగా కావల్లని నేనే... నేనే అట్టంటి!"

రాతిగోడ ఆ మాటను చుట్టూ తిప్పి పైకి పంపింది. గరిటె పట్టుకుని వంగి చూస్తున్న మా ఆయన అలాగే నిలబడిపోయాడు. నేను ఒక బుర్ర బావ వైపు తోశాను. రెండోది నా దగ్గరే ఉంచుకున్నాను, మెట్లు చేరేలోగా మాట మారుస్తాడేమోనని.

మెట్ల మీద నీళ్లు కక్కి, ఊపిరి అందగానే మార్చాడు. "పాణం పోతాంటే ఏందో అంటి. అదీ ఒక మాటేనా?"

"గుండంలో అన్నావురా" అంది అత్త. "నీ ఒంటి మీద గుడ్డలింకా ఆరల్యా."

బావ పిండుతున్న పంచె చెంగు వదిలేశాడు.

మా నాయన పైపంచ తెచ్చి, "కప్పుకో అమ్మా" అన్నాడు.

"ఆ పొద్దు నన్నొక మాట అడిగింటే సాలు నాయనా" అన్నాను. పంచ తీసుకోలేదు. తడిబట్టలతోనే కూర్చున్నాను.

బావ నడుముకు అంటుకున్న తాడు ముక్కను అత్త లాగింది. అది తన చీర అంచే. నా వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. దాన్ని కొంగున ముడేసుకుంది. ఆ ముడిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

"సోమారం బిడ్డను బళ్లో ఎయ్యండి" అంది అత్త.

"బావే పిల్లను తోడుకోని పోవల్ల" అన్నాను.

సోమవారం బావ ఒక చేత్తో పలక, ఒక చేత్తో చెన్నమ్మ చెయ్యి పట్టుకుని ఊరి నడిమిదారిన నడిచాడు. గుండం కబురు మాకంటే ముందే ఊరు చేరింది. ప్రతి అరుగు మీదా మనుషులే.

"ఏమప్పా ఓబుళరెడ్డీ, యాడికి పోతాండావు?"

"పాపను బళ్లో ఏసేకి పోతాండా."

నేను నాలుగడుగుల వెనక నడుస్తూ ప్రతిసారీ విన్నాను. చివర ఏసేపు అయ్యవారి పాడుబడ్డ ఇల్లు. ఆ అరుగు మీద అడిగేవాళ్లెవరూ లేరు. బావ అడుగు వేగం పెంచాడు.

నేనక్కడ నిలబడి, ఊరంతా వినేలా అడిగాను.

"బావా, యాడికి?"