నైరుతి ఎండ

చలికాలం నిద్రట, సింగపూర్‌లో చలికాలమట, ఏడాది పొడుగునా ఒకే ఉక్క పోసే ఈ ఊళ్ళో తాబేలు చలికాలం నిద్ర పోతోందని మొహంలో రవ్వంత మార్పైనా లేకుండా చెప్పాడు పోయిన వారం ఈ పెట్ షాపతను, డిసెంబర్ కదా ఆంటీ, స్లీపింగ్ ఓన్లీ, డోంట్ వర్రీ లా అని, ఇక్కడ ప్రతి మాట చివరా ఒక లా, నేను తల ఊపాను కూడా, అదే నా ఒళ్ళు మండిస్తోంది, తల ఊపి అతను అంటగట్టిన కంటి చుక్కల సీసా పట్టుకుని బుద్ధిగా ఇంటికి పోయాను, ఇప్పుడు మళ్ళీ అదే షాపులో అదే కౌంటర్ ముందు వరసలో నిలబడ్డాను, సంచిలో ఐస్‌క్రీం డబ్బా, డబ్బాలో తడిగుడ్డ, గుడ్డ మీద బాబ్జీ, కళ్ళు రెండూ ఉబ్బి మూసుకుపోయి, మెడ బయటికి పెట్టే ఓపిక కూడా లేకుండా, బాబ్జీ అంటే మా ఇంటి తాబేలు, షాపువాళ్ళ భాషలో టెరాపిన్, అరచేతిలో పట్టేంత, చెవుల దగ్గర ఎర్రచార, కొన్న రోజునే మా ప్రణవి ఆ పేరు పెట్టేసింది, మమ్మీ, సేమ్ లైక్ బాబ్జీ మామా లా అని, విజయనగరంలో మా తమ్ముడు వంటింటి గుమ్మంలోంచి ఇలాగే మెడ సాచి ఇవాళ ఏం కూర అని చూస్తాడు, నిజమే, అచ్చం అలాగే ఉండేది, నేను దాని గది తలుపు తీయగానే మెడ సాచేది, ఇప్పుడు తీసినా ఒకటే తీయకపోయినా ఒకటే, ఇవాళ పొద్దున ప్రణవి స్కూల్ బస్సెక్కబోతూ మెట్టు మీద ఆగిపోయింది, ఈజ్ హి గోయింగ్ టు డై అని అడిగింది, నేను బస్సు కదులుతోందమ్మా, ఎక్కు అన్నాను.

వరస కదలదు, ముందు ఒక జంట, వాళ్ళ చంటిపాప, వాళ్ళూ తాబేలుకే వచ్చినట్టున్నారు, ఈ షాపుకి ఊరంతా బ్రాంచీలే, ఎక్కడ చూసినా అవే గాజుతొట్లు, అదే ట్యూబులైటు, అందులో రూపాయి బిళ్ళంత తాబేటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎక్కి జారి, ఆ మూల ఒకటి ఎటో తేలుతోంది, అది బతికి ఉందా అని అడిగేవాళ్ళు లేరు, నీలం ఏప్రన్ కట్టుకుని బ్యాడ్జీ మీద డెస్మండ్ అని రాసుకున్న ఈ సేల్స్ అతను మాత్రం ఆ పాప తల్లికి పాఠం చెబుతున్నాడు, వెరీ ఈజీ, స్మాల్ ట్యాంక్ కెన్, కెన్ అంటే ఈ ఊళ్ళో పరవాలేదని, స్మాల్ ట్యాంక్‌లో పెడితే స్మాల్‌గానే ఉంటుంది, రూమ్ లైట్ చాలు, డ్రై ష్రింప్ చాలు, మాకూ ఇదే పాఠం, అక్షరం పొల్లు పోకుండా ఇదే, ఇదే ప్లాస్టిక్ తొట్టి, మధ్యలో ఇదే ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, రంగనాథ్ శ్రద్ధగా వింటూ నిలబడ్డారు ఆ రోజు, క్లయింటు మాట కూడా అంత శ్రద్ధగా వినరేమో మా ఆయన.

ఆయనకి కావాల్సింది తాబేలు కాదు, ఉద్యోగం, ఆ మాట ఆయనే అంటారు, దాచుకోరు పాపం, వాళ్ళ ఆఫీసులో సుధాకరరావుగారు ఇంట్లో ఉత్తరం వైపు తాబేలుని పెట్టాక కంపెనీవాళ్ళు కాంట్రాక్టు మళ్ళీ ఇచ్చారట, చైనావాళ్ళ ఫెంగ్‌షూయీలోనూ ఉత్తరానికి తాబేలేనట, మన వాస్తులోనూ ఉత్తరం కుబేరస్థానం, రెండు శాస్త్రాలూ ఒకే మాట చెబుతున్నాయంటే కొట్టిపారేస్తామా వసూ అని, అంతే, జురాంగ్ ఈస్ట్‌లో మా అద్దె ఫ్లాట్‌కి ఉత్తరం మూల ఏముందో అని దిక్సూచి పెట్టి చూస్తే స్టోర్ రూము తగిలింది, కిటికీ లేని గది, చెప్పుల అరకీ చీపురుకట్టకీ మధ్య కుబేరుణ్ణి ప్రతిష్ఠించాం, గుడ్డు వేశారేమోనని కేకు కూడా ముట్టని మనిషి ఎండు రొయ్యల డబ్బా ఇంట్లోకి రానిచ్చారు, ఆ నీచు వాసనకి నేను ముక్కు మూసుకుంటే, కాంట్రాక్టు కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా అన్నారు, ఓర్చుకున్నాను, కాంట్రాక్టు కూడా వచ్చింది, వచ్చింది బాబ్జీ వల్లా లేక ఊళ్ళో ప్రతి బ్యాంకూ ప్రోగ్రామర్ల కోసం ఎగబడుతున్నందువల్లా అని అడిగే ధైర్యం నాకుంటే కదా, అడగలేదు, ఇప్పుడు మళ్ళీ మార్చిలో గడువు, అమెరికాలో కంపెనీలు మూతబడుతున్నాయని పేపర్లో వస్తోంది, ఆయన నిద్రలో కూడా పళ్ళు కొరుకుతున్నారు, ఆ భయం చూస్తే నాకు జాలి, కోపం రెండూ ఒకేసారి వస్తాయి.

ఎండలో పెడదామండీ అన్నాను, మెల్లగానే, అన్నం వడ్డిస్తూ, మన ఫ్లాట్‌లో ఎండ పడేది ఒక్క వంటింటి కిటికీ దగ్గరే కదా, వెదురు గడల మీద బట్టలు ఆరేస్తాం చూడండి, అక్కడ మధ్యాహ్నం బాగా పడుతుంది అన్నాను, చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని నావైపు చూశారు, అది నైరుతి, నైరుతిలో నీళ్ళా, నీకేమైనా మతి పోయిందా, ఇల్లు మునిగిపోతుంది, పైగా షాపువాడే రూము లైటు చాలన్నాడుగా, వాడు రోజూ ఎన్ని అమ్ముతాడు, వాడికి తెలీదా, నీకు తెలుసా, అని, కసిరి కాదు, మామూలుగానే, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టే, నీకు తెలుసా, నేను చారు పోశాను.

తెలుసు, ఎందుకు తెలీదు, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ, ఆ తర్వాత విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో పెళ్ళయిన ఏడాది దాకా పాఠాలు, సుద్దముక్కతో బోర్డు నిండా తాబేలు బొమ్మ గీసి, ఇది పైచిప్ప, ఇది కిందిచిప్ప, రెండూ ఎముకలేనమ్మా, డాలు కాదు, వీపున మోసే పెట్టె కాదు, అది దాని ఒళ్ళే, కాల్షియం తిన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని ఎముకకి చేర్చేది ఎండ, ఎండ లేకపోతే చిప్ప మెత్తబడుతుంది అని నేనే చెప్పాను, వెనక బెంచీ పిల్లలు కూడా రాసుకున్నారు, చలికాలం నిద్ర ఎందుకు పోతాయో, ఎక్కడి జీవాలు పోతాయో అదీ చెప్పాను, పరీక్షలో ఎవరైనా సింగపూర్‌లో పోతాయని రాస్తే సున్నా వేసి ఉండేదాన్ని, అలాంటి నేను పోయిన వారం ఇదే కౌంటర్ దగ్గర తల ఊపాను, ఈ ఊరొచ్చాక ఎవరింటికి భోజనానికి వెళ్ళినా జువాలజీయా, అయ్యో, దానికిక్కడ పనేముందండీ, జావా నేర్చుకోండి అన్నవాళ్ళే, నేర్చుకున్నాను కూడా, సగం అర్థమైంది, సగం కాలేదు, అందులో పోయిందేమో నాకు తెలిసింది నాకు తెలుసనే సంగతి, ఉప్పు కలపమంటే కలిపాను, నీళ్ళల్లో తెల్లటి బిళ్ళ వేయమంటే వేశాను, చుక్కలు వేయమంటే వేశాను, వేస్తున్నప్పుడల్లా ఇది దీనికి మందు కాదని నాకు తెలుస్తూనే ఉంది, అయినా వేశాను.

ఇవాళ వచ్చింది మాత్రం మందు కోసం కాదు, ఒక మాట కోసం, డెస్మండ్ నోటి వెంట ఎండ అనే మాట ఒక్కటి రప్పించాలి, అది పట్టుకుని ఇంటికెళ్ళి షాపువాళ్ళే ఎండలో పెట్టమన్నారండీ అనాలి, అంటే రంగనాథ్ వింటారు, ఊరికే అబద్ధం చెప్పేయొచ్చుగా అంటే ఆయన ఫోను చేసి కనుక్కునే రకం, చుక్కలప్పుడు చేశారు, అందుకని ట్రైన్‌లో వస్తూ దారి పొడుగునా ప్రశ్న వల్లించుకున్నాను, ఎలా అడిగితే అతను అవునంటాడో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ అమాయకంగా మొహం పెట్టాలో, ఇదిగో జంట డబ్బు కట్టడానికి పక్కకి జరిగింది, ఎస్ ఆంటీ అంటున్నాడు, నాకింకా జుట్టైనా నెరవలేదు, నీకు నేను ఆంటీనా, పోనీలే, డబ్బా మూత తీసి చూపించాను, ఓ, స్టిల్ స్లీపింగ్ ఆ, అన్నాడు, స్టిల్ స్లీపింగట, వల్లించుకున్న ప్రకారం అమాయకంగా మొహం పెట్టి, సన్‌లైట్‌లో పెడితే మంచిదేమో కదా అన్నాను, అతను అర క్షణమైనా ఆలోచించలేదు, సన్ ఆ, కెన్ కెన్, సన్ వెరీ గుడ్ అన్నాడు, అంతే, అయిపోయింది, ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమే, సంచి సర్దుకుని వచ్చేయాల్సింది, కానీ నాలో ఏ లెక్చరరమ్మ ఇంకా మిగిలి ఉందో, డార్క్ స్టోర్ రూమ్‌లో పెట్టినా పరవాలేదా అని అడిగింది, ఆల్సో కెన్ లా ఆంటీ, టెరాపిన్ వెరీ ఈజీ వన్, అన్నాడు డెస్మండ్, అదే నవ్వుతో.

ఎండలోనూ కెన్, చీకట్లోనూ కెన్, నేను రాత్రింబవళ్ళు ఎదురుచూసిన మాట ఇంత చవకదా, నా చదువు కంటే పెద్దదని మా ఇంట్లో నెత్తిన పెట్టుకున్నది ఈ మాటనా, అతని మీద కోపం రావాలి, వచ్చింది, కానీ అది అతని దగ్గర ఆగట్లేదు, అతనికి తెలీదు, తెలీనివాడు తెలీనట్టే చెప్పాడు, తెలిసినదాన్ని నేను, తెలిసీ నోరు మూసుకుని, నాకు తెలిసిందాన్ని అతని నోట అనిపించుకోవాలని వరసలో నిలబడ్డాను, డబ్బాలో చెయ్యి పెట్టి బాబ్జీని తిప్పి కిందిచిప్ప మీద బొటనవేలు ఆనించాను, నానిన అప్పడంలా లోపలికి దిగింది, బాబ్జీ కాళ్ళు ఒక్కసారి కదిలాయి, బతికే ఉంది, కౌంటర్ చివర ఆ పాప తల్లి కొత్త తొట్టి పట్టుకుని ఇటే చూస్తోంది, ఆవిడ దగ్గరికెళ్ళి చూపించాను, దీనికి రోజూ ఎండ కావాలి, గాజు అడ్డం లేకుండా, వేడెక్కితే దాక్కోవడానికి కొంచెం నీడ, ఆకుకూర, పెద్ద తొట్టి, లేకపోతే ఇలా అవుతుంది, ఇక్కడ ముట్టుకుని చూడండి అన్నాను, నా గొంతు నేనే గుర్తుపట్టలేనంత గట్టిగా వచ్చింది, వెనక బెంచీ దాకా వినిపించే గొంతు, ఆవిడ భయపడుతూనే ముట్టుకుంది, డెస్మండ్ నవ్వడం మానేశాడు, ఆంటీ, యూ వెట్ ఆ, అన్నాడు, పశువుల డాక్టరువా అని, కాదు, జువాలజీ లెక్చరర్ని అన్నాను, ఈ దేశంలో ఆ మాట పైకి అనడం ఇదే మొదలు.

ఆవిడ తొట్టి తిరిగి ఇచ్చిందో లేదో చూడలేదు, బయటికొచ్చేశాను, ముందు పశువుల డాక్టరు దగ్గరికి, ఇంత ముదిరాక ఒక్క ఎండ సరిపోదు, సూది వేయాలేమో, అసలు బతుకుతుందో లేదో చెప్పలేను, ఎముక అంత మెత్తబడ్డాక సగం బతకవు, అదీ నాకు తెలుసు, ప్రణవి బస్సు దిగగానే మళ్ళీ అడుగుతుంది, ఈసారి ఉన్నదున్నట్టు చెబుతాను, ఆ తర్వాత తొట్టి మోసుకెళ్ళి వంటింటి కిటికీ దగ్గర పెడతాను, కిటికీ తలుపు బార్లా తీసి, సాయంత్రం రంగనాథ్ వస్తారు, టై వదులు చేసుకుంటూ గుమ్మంలోంచే చూస్తారు, నైరుతిలో నీళ్ళేమిటి వసూ, షాపువాళ్ళు చెప్పారా అంటారు, లేదండీ, నేను చెబుతున్నాను.