మూత కింద కాగితం

ఆ కాగితం పోయిన రోజు కూడా ఆమె ఎప్పటిలాగే తొమ్మిదింటికి షట్టరు ఎత్తి, జెరాక్సు మిషను మూత తెరిచి, మెత్తటి గుడ్డతో అద్దాన్ని తుడిచింది. అద్దం మీద చుక్క ఉంటే ప్రతి కాపీ మీదా చుక్క పడుతుంది. తొమ్మిదేళ్లుగా ఆ చుక్కలతోనే ఆమెకు పోరు. నల్లపొడి గోళ్ల సందుల్లో చేరి సబ్బుకు లొంగదు. ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు మాత్రం నిమ్మచెక్కతో రుద్దుకుని వెళ్లింది.

అది జరిగి పదకొండు రోజులు. ఫోను కౌంటరు మీద, స్టేప్లరు పక్కన పెట్టుకుని రెండు నిమిషాలకోసారి తిప్పి చూస్తోంది.

"ఏం టీచరమ్మా, అరిగిపోతుంది, కాస్త వదిలెయ్," అన్నాడు యజమాని లామినేషను మిషను దగ్గర్నుంచి. ఆమె బి.ఇడి. చదివిందని తెలిసినప్పట్నుంచీ ఆయన పిలుపు అదే.

"మోగితే ముందు మీకే వినిపిస్తుంది లెండి."

"వినిపిస్తే నేనే ఎత్తుతా. ఆవిడ రాదండీ, ఇక్కడ నలభై పుస్తకాలకి స్పైరల్ వెయ్యాలని చెప్పి పెట్టేస్తా."

ఆమె నవ్వింది. మళ్లీ ఫోను తిప్పి చూసింది. వచ్చే జూనుకు వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ఏ బడికీ దరఖాస్తు పెట్టే వీలుండదు. ఆ సంగతి ఆమెకూ, ఆమెకు తన ఇంట్లో ఓ గది ఇచ్చిన అక్కకూ తప్ప ఎవరికీ తెలియదు.

బడి గుమాస్తా ఇంటర్వ్యూ నాడే చెప్పాడు. "మీరే ఫస్టు మేడం. కానీ లెక్కల సార్ సిక్ లీవులో ఉన్నారు. పదిహేనో తారీఖు మధ్యాహ్నం రెండింటి బెల్లు లోపల ఆయన చేరకపోతే పోస్టు మీది. అప్పుడు ఫోన్ చేస్తాం."

ఈ రోజు పదిహేను.

పన్నెండింటికి ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవరు గుండెకు హత్తుకుని వచ్చింది. "రెండేసి కాపీలు తియ్యమ్మా. ఒరిజినల్ కూడా ఆఫీసులో ఇవ్వాలట."

ఆఖరి కాగితం డాక్టరు సర్టిఫికెట్. అద్దం మీద బోర్లా పెడుతూ ఆమె అందులో లెక్కల మాస్టారి పేరు చదివింది, బడి పేరు చదివింది. 'విధుల్లో చేరుటకు తగిన ఆరోగ్యముతో ఉన్నారు.' పచ్చటి వెలుగు మూత అంచు కింద ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

"మెట్లెక్కితే ఆయాసం," పెద్దావిడ తనలో తను అనుకుంటున్నట్టు చెబుతోంది. "అయినా వినరుగా. పదో తరగతి వాళ్లకి ఇంకా మూడు పాఠాలున్నాయట. ఆ డాక్టరు ప్రాణం తీసి రాయించుకున్నారు. బడిలో బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాను తల్లీ, తొందరగా ఇవ్వు."

ఆమె తొందరగానే ఇచ్చింది. చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. ఆవిడ వెళ్లాక ఫోను తీసి సంచిలో పడేసింది. ఇక అది మోగదు.

పన్నెండుంబావుకు ఒక కుర్చీల కొట్టాయన రసీదు కాపీ కోసం వస్తే మూత ఎత్తింది. ఆ సర్టిఫికెట్ అక్కడే ఉంది, బోర్లా.

ఒరిజినల్ మరిచిపోవడం రోజూ ఉండేదే. అందుకోసమే కౌంటరు కింద ఒక సొరుగుంది. ఎవరివో మార్కుల జాబితాలు, ఇంటి అద్దె పత్రాలు, ఒక పెళ్లి ఫోటో అందులో ఉన్నాయి. దొరికింది సొరుగులో వెయ్యాలి. ఎవరిది వాళ్లే వచ్చి అడుగుతారు. తొమ్మిదేళ్ల కిందట యజమాని ఆమెకు నేర్పిన మొదటి పని అది. ఆమె కాగితాన్ని సొరుగులో వేసింది.

ఆ తర్వాత పన్నెండు పేజీల నోట్సుకు పదమూడు పేజీలు తీసింది. స్టేప్లరు వేలికి గుచ్చుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్లి వీధి చూసి వచ్చింది, మళ్లీ వెళ్లింది. పన్నెండున్నర. ఒకటి. ఒకటీ పది.

"ఎవరికోసం?"

"ఒకావిడ ఒరిజినల్ మర్చిపోయారు."

"వాళ్లే వస్తారు. నీకెందుకు?"

నిజమే, తనకెందుకు? ఆమె అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేసింది. ఒకటిన్నరకు సొరుగు లాగి, కాగితం తీసుకుని, చెప్పులు వేసుకుంది. "ఇప్పుడే వస్తానండీ" అన్న మాట ఆమె వీధిలోకి వెళ్లాక యజమానికి వినిపించింది.

బడి వరండాలో, ఆఫీసు బయట బెంచీ మీద ఆయన ఒక్కరే ఉన్నారు. చొక్కా భుజాల నుంచి జారుతోంది. గడియారం మణికట్టు దాటి ముంజేయి సగానికి ఎక్కింది.

"సార్, మీ కాగితం. మా షాపులో ఉండిపోయింది."

ఆయన అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "బతికించావమ్మా. మా ఆవిడ ఇల్లంతా గాలిస్తూ ఉంటుంది పాపం. కూర్చో, ఎంత చెమట పట్టిందో చూడు."

గుమాస్తా బయటికొచ్చి కాగితాన్ని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. "మీరే తెచ్చారా?"

"ఈ అమ్మాయి నీకు తెలుసా?" అన్నారు మాస్టారు.

"ఆ... ఒకసారి వచ్చారు సార్."

ఆయన రిజిస్టర్లో సంతకం పెట్టేసరికి రెండు కావడానికి ఐదు నిమిషాలుంది. గుమాస్తా ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "దాదాపు రెండు గంటలుగా ఆ బెంచీ మీదే. లోపల ఫ్యానుంది రండి సార్ అంటే, చేరకుండా లోపలికెలా వస్తానయ్యా అంటారు."

ఆమె ఒకటీ పదికే బయల్దేరి ఉంటే, అంతకుముందే బయల్దేరి ఉంటే అని లెక్క వేసుకుంది.

బెల్లు కొట్టారు. పదో తరగతి పక్కగదే. పిల్లలు లేచిన చప్పుడు, కూర్చున్న చప్పుడు. షాపుకు వెళ్లాలి, కానీ వెళ్లలేదు. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. లోపల ఆయన హాజరు పిలుస్తున్నారు, పేర్లు కాదు, నంబర్లు. గొంతు సన్నంగా ఉన్నా ప్రతి నంబరూ స్పష్టంగా ఉంది.

"ఇరవై మూడు."

"ప్రెజెంట్ సార్."

తర్వాతి నంబరు వినపడలేదు. ఆయన ఊపిరి తీసుకుంటున్నారనుకుంది. పిల్లలూ అలాగే అనుకున్నట్టున్నారు, చాలాసేపు కిక్కురుమనలేదు. తర్వాత ముందు వరుసలోంచి ఒక ఆడపిల్ల, "సార్?" అంది.

ఎదురు సందులోని డాక్టరు పరుగున వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని చూసి, నెమ్మదిగా కింద పెట్టాడు. పిల్లల్ని వరుసగా బయటికి పంపారు. పెద్దావిడకు కబురు చెప్పడానికి ఒక టీచరు స్కూటరు తీశాడు.

గుమాస్తా హాజరు పట్టీని తెరిచింది తెరిచినట్టే తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టాడు. ఆమె మొహం చూడకుండా, "మీ ఫోన్ నంబరు మా దగ్గరుంది కదా మేడం," అన్నాడు.

పట్టీలో ఆ పూట గడుల్లో ఇరవై మూడు దాకా టిక్కులున్నాయి. ఇరవై నాలుగు నుంచి నలభై ఒకటి వరకు ఇంకా వెయ్యలేదు.