రాకుండా పోయినవాళ్ళు

హేతువాద సంఘాన్ని పాతికేళ్ళ కిందట నిలబెట్టింది లెక్కల మాస్టారు. ఆ నెల సమావేశంలో మాట్లాడిందీ ఆయనే. "ఆడవాళ్ళు మన దగ్గర ఎందుకు నిలవరు? వాళ్ళ మనసు నమ్మకం వైపు మొగ్గుతుంది. ప్రకృతే అలా మలిచింది" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఆ హాల్లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పదిహేనేళ్ళప్పుడు ఆమెకు మూర్ఛలొస్తే ఇంట్లోవాళ్ళు దయ్యమన్నారు. అడ్డంపడి ఆస్పత్రికి చేర్చింది మాస్టారే. ఆయనకు ఎదురుచెప్పడం ఆమెకు ఇష్టం లేదు. అయినా లేచింది.

"దీనికి ఆధారం ఏంటండీ, మాస్టారూ?"

"కళ్ళముందే ఉందిగా తల్లీ. చుట్టూ చూడు."

"వాళ్ళు లేరన్నది కనిపిస్తోందండీ. ఎందుకు లేరో కనిపించడం లేదు."

"కోపమొచ్చింది, ఇక తర్కం పనిచెయ్యదులే" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. ఆమెకు ఆయన నవ్వే గుచ్చుకుంది.

మర్నాడు సంఘం గదిలో పాత హాజరు పుస్తకాలన్నీ తిరగేసింది. ఒకటి రెండుసార్లు వచ్చి మానేసిన ఆడవాళ్ళు నలభై ఒక్కమంది తేలారు. రెండు నెలలపాటు, డ్యూటీ దిగగానే ఫోన్లు చేసింది. పంతొమ్మిది మంది దొరికారు. తన అనుమానాలేవీ బయటపెట్టకుండా అందరినీ ఒకే మాట అడిగింది: ఎందుకు మానేశారు?

"నేను చెబితే ఎవరూ వినలేదు. అదే మాట పక్కాయన అంటే తలలూపారు" అంది కుట్టుపని చేసే ఆవిడ. ఇంకొకామెకు ఆ వేళకి పిల్లల్ని చూసే దిక్కు లేకపోయింది. తొమ్మిది మంది మాత్రం తటపటాయించి, తటపటాయించి, ఒకే మనిషి సంగతి చెప్పారు. సంఘం కార్యదర్శి. ఇంటిదగ్గర దింపుతానని కారెక్కించుకునేవాడు. ఆ తర్వాత జరిగింది తొమ్మిది గొంతులూ ఇంచుమించు ఒకేలా చెప్పాయి. వాళ్ళలో ఒకరికొకరు తెలియదు.

కార్యదర్శి మాస్టారికి స్వయానా బావమరిది.

పేర్లు లేకుండా రాసిన కాగితాలు పట్టుకుని ఆమె మాస్టారింటికి వెళ్ళింది. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇవన్నీ నోటిమాటలు."

"అవునండీ. అందుకే దొరకని ఇరవై ఇద్దరి గురించి ఒక్క ముక్కా రాయలేదు. మరి మీరు ఆ రోజు చెప్పేముందు ఎంతమందిని అడిగారు?"

గుమ్మంలో నిలబడి వింటున్న మాస్టారి భార్య లోపలికొచ్చింది.

"మా తమ్ముడి బుద్ధి గురించి పదేళ్ళ కిందటే చెప్పాను మీకు. ఆడవాళ్ళకి ఊహలెక్కువ అన్నారు."

ఆయన ఆ కాగితాలు తన దగ్గరే ఉంచుకున్నారు.

తర్వాతి సమావేశంలో మాస్టారు ఆ కాగితాలను నిలబడి అందరికీ చదివి వినిపించారు. "పరీక్షించకుండా చెప్పాను. నాది తప్పు. ముందే చెప్పిన మనిషినీ నమ్మలేదు, అది ఇంకా పెద్ద తప్పు" అన్నారు. కార్యదర్శిని తీసేశారు. అతనితోపాటు పన్నెండు మంది లేచి వెళ్ళిపోయారు. మాస్టారు మళ్ళీ అధ్యక్ష కుర్చీలో కూర్చోలేదు.

ఆమె ఆ తొమ్మిది మందికీ ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఇద్దరు ఏడ్చారు. మళ్ళీ వస్తామని ఒక్కరూ అనలేదు. "మంచిపని చేశావమ్మా. కానీ నేనిప్పటికీ ఆ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్తాను" అంది అందరిలోకీ పెద్దావిడ. రమ్మని ఆమె బలవంతపెట్టలేదు.