ఆడదాని చేతి అతుకు

పెద్దిరాజు గారి బండి మా షాపు ముందు ఆగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని కొడుతోంది. బండి ఆగీ ఆగకముందే పెద్దిరాజు కిందికి దూకి, అటు తిరిగొచ్చి, డ్రైవరు వైపు తలుపు తనే లాగి, “దిగరా దొంగ వెధవా!” అని అరిచాడు. దిగినవాడు ఏసురాజు. వాణ్ణి చూడగానే నాకూ ఒళ్ళు మండిపోయింది.

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డు మీద ‘ఆశీర్వాదం రేడియేటర్ వర్క్స్’ అని బోర్డు కనిపిస్తే అది మాదే. ఆశీర్వాదం మా నాన్న. నేను హెలెన్‌ని. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఏసురాజు ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు, మా ఇంట్లో అన్నం తిన్నాడు. నాన్న పోయాక చర్చి వాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో, పాస్టర్ గారు ప్రార్థన ముగించి ఇంకా కుర్చీలో కూర్చోనైనా లేదు, వీడు లేచి నిలబడి, “ఆడదాని చేతి అతుకు ప్రెజర్‌కి నిలవదండి. ఈ షాపు మూసేసుకుంటే మంచిది” అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నాన్న ఫొటో పక్కనే కూర్చుని ఉన్నాను నేను.

ఆ మాట ఊరంతా తిరిగింది. ఏడాది పాటు నా గుమ్మంలోకి బండి రాలేదు. అంతకు ముందు వాణ్ణి నోరారా అన్నా అని పిలిచేదాన్ని. ఆ రోజు నుంచి పిలుపూ లేదు, పలకరింపూ లేదు. వాడు భీమవరంలో సొంతంగా షాపు పెట్టాడు. అది నడవక మూసేసి, చివరికి పెద్దిరాజు దగ్గర డ్రైవరుగా చేరాడు. బాగా అయింది అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

పెద్దిరాజుకి సముద్రం వైపు ఆరు రొయ్యల చెరువులున్నాయి, నాలుగు బళ్ళున్నాయి. ఆ నాలుగూ నా దగ్గరికే వస్తాయి. నాకు ఏడాదిలో దొరికే పనిలో సగం ఆయనదే. అందుకని నోటితో గారు అంటాను. మనసులో అనను.

“అమ్మాయ్, రెండు నెలల కిందట ఈ బండి రేడియేటర్ బాగుచేసింది నువ్వేగా?” అన్నాడు.

“నేనేనండి.”

“మరి ఇదేంటి? వారం రోజుల్నుంచి నీళ్ళు తాగేస్తోంది. పొద్దున పోస్తే మధ్యాహ్నానికి ఖాళీ. ఇవాళ ఏకంగా ఉడికిపోయింది. రేపు తెల్లారితే రొయ్యలు పడతన్నాం, మిగతా మూడు బళ్ళూ దూరం వెళ్ళాయి, ఇవాళ సాయంత్రానికల్లా ఈ బండిలో ఐసు చేరాలి. నువ్వు పోసిన కూలెంట్ వీడు దించి అమ్మేసుకుని కాలవ నీళ్ళు పోసేశాడు. కాదంటే నీ అతుకు ఊడింది. రెండిట్లో ఏదో ఒకటి. నువ్వే తేల్చు.”

“నేను అమ్ముకోలేదండి,” అన్నాడు ఏసురాజు.

“నోర్ముయ్. లైసెన్సు నా దగ్గరుందని మర్చిపోకు.” పెద్దిరాజు జేబు మీద కొట్టుకుని నా వైపు తిరిగాడు. “వీడు దొంగని నువ్వొక్క మాట అను చాలు. ఈ లైసెన్సు చింపి కాలవలో పారేస్తాను. ఇక్కణ్ణుంచి భీమవరం దాకా ఎవడూ వీణ్ణి స్టీరింగ్ ముట్టుకోనివ్వకుండా చేస్తాను.”

నిజం చెప్తున్నాను, ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఔనండి, కూలెంట్ తీసేశాడు అంటే పోయేది. నా అతుకు మీద మాట రాదు, నా బళ్ళు నాకుంటాయి, వాడు రోడ్డున పడతాడు. ఆరేళ్ళుగా కడుపులో పెట్టుకున్న మంట చల్లారుతుంది. కానీ బండి చూడకుండా మాట అనకూడదని నాన్న చెప్పేవాడు. చూశాకే అందాం, ఎక్కడికి పోతాడు అనుకున్నాను.

ఈలోగా పెద్దిరాజు బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

“చెయ్యి తియ్యండి!” అని అరిచాను. “వేడి మీద మూత తిప్పితే నీళ్ళు మొహాన చిమ్ముతాయండి. ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు మిమ్మల్ని?”

పక్క టీ బడ్డీలోంచి అప్పాయమ్మ కిసుక్కున నవ్వింది. పెద్దిరాజు మొహం మాడ్చుకుని వెళ్ళి ఆమె బల్ల మీద కూర్చున్నాడు. ఏసురాజు ఎండలోనే నిలబడ్డాడు. నీడలోకి రమ్మని నేను అనలేదు.

అరగంటకి ఇంజను చల్లారింది. గుడ్డ వేసి మూత తీశాను. కింద స్టీలు బేసిన్ పెట్టి నీళ్ళు దించాను. నేను పోసింది ఆకుపచ్చ కూలెంట్. ఇప్పుడు దిగింది ఎర్రటి తుప్పు నీళ్ళు.

“చూశావా? చూశావా?” అని పెద్దిరాజు బల్ల మీంచే గొంతు చించుకున్నాడు. “కూలెంట్ ఏది? కాలవ నీళ్ళు పోశాడని నేను అనలా?”

“కాలవలకి నీళ్ళు కట్టేసి ఇరవై రోజులైందిగా అండి.”

“కట్టకముందే పోసుంటాడు!”

మళ్ళీ మామూలు నీళ్ళు నింపి, మూత స్థానంలో ప్రెజర్ పంపు బిగించి చేత్తో కొట్టాను. ముల్లు పదిహేను దాకా ఎక్కి మెల్లగా దిగడం మొదలెట్టింది. ఎక్కడో కారుతోందన్నమాట. టార్చి తీసుకుని ముందు నా అతుకే చూశాను. కింది ట్యాంకు అంచున జానెడు పొడుగు సోల్డరింగ్. వేలితో రాశాను. పొడిగా ఉంది, చుక్క లేదు. తలెత్తితే ఏసురాజు కూడా అటే వంగి చూస్తున్నాడు. నేను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

కారేది రెండు చోట్ల. ఒకటి కింది రబ్బరు హోసు బిగించిన మెడ దగ్గర, రెండోది ఇంజను మీది థర్మోస్టాట్ మూత దగ్గర. ఆ అల్యూమినియం మూత అంచు పురుగు తొలిచినట్టు గుంటలు పడి ఉంది. రెండు చోట్లా తెల్లగా పొక్కు కట్టింది. గోరుతో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు! కల్లుప్పు నోట్లో వేసుకున్నట్టుంది. కాలవ నీళ్ళు గోదావరి నీళ్ళు. అవి ఎన్నాళ్ళు ఎండినా ఉప్పు పేరదు.

అప్పటికి నాకు సగం అర్థమైంది. రేడియేటర్ విప్పి నా బల్ల మీదికి తెచ్చాను. కింది గొట్టంలోకి నీళ్ళ పైపు పెట్టి వెనక్కి తోశాను, అంటే ఇంజనులో నీళ్ళు నడిచే దారికి ఎదురు దారిలో. పై గొట్టంలోంచి తుప్పు పెచ్చులు, మట్టి, తెల్లటి చెత్త దబదబా పడ్డాయి. అవి పడుతుంటే నా కోపం దారి మారింది. ఏసురాజు మీద కోపం ఎక్కడికీ పోలేదు, కానీ దాని మీద ఇంకో కోపం ఎక్కింది.

“ఇంతసేపా? తేల్చావా లేదా?” పెద్దిరాజు లేచొచ్చాడు.

“అతుకు ఊడలేదండి. ఉప్పు నీళ్ళు పోశారు ఎవరో.”

“ఉప్పు నీళ్ళా?” రేడియేటర్ వైపు ఒకసారి చూసి, మళ్ళీ గొంతు పెంచాడు. “అయితే నువ్వే పోసుంటావు. మీ షాపు బోరు నీళ్ళు ఉప్పేగా? అది నింపేసి పైన కాస్త పచ్చ రంగు కలిపుంటావు. నాకు తెలీదనుకోకు.”

నా చెవుల్లోంచి ఆవిరి వచ్చిందంటే నమ్మండి. కానీ నోరు కట్టుకున్నాను. లోపలికెళ్ళి, ఇందాక లోపల పెట్టిన బేసిన్‌లో తేరుకున్న నీళ్ళని పైపైన తీసి, గుడ్డలో వడకట్టి, గాజు గ్లాసులో పోసి తెచ్చాను. లేత పసుపు రంగులో ఉన్నాయి. ఈ చుట్టుపక్కల బోరు నీళ్ళన్నీ ఆ రంగే.

“మీ జేబులో ఉప్పు మీటరు ఉంటుందిగా అండి. వీటిని చూసి చెప్పండి, ఎంతుందో.”

రొయ్యల రైతుకి ఆ మీటరు మెడలో తాళిలాంటిది, ఎక్కడికెళ్ళినా వదలడు. జానెడు గొట్టం, ఒక చివర నీటి చుక్క వేసి రెండో చివర కన్ను పెట్టి చూస్తే నీళ్ళలో ఉప్పెంతో అంకె కనిపిస్తుంది. పెద్దిరాజు దాన్ని ఇంకొకరి చేతికివ్వడు. తనే చుక్క వేసి, ఎండకి ఎత్తి పట్టి, ఒక కన్ను మూశాడు.

“పధ్నాలుగు!” అన్నాడు విజయం సాధించినట్టు. “చూశారా? ఇది మా రెండో చెరువు లెక్క. నా చెరువులన్నీ ఇరవై పైనే, రెండోదొక్కటే మంచినీళ్ళు కలిపి పధ్నాలుగుకి దించాను. అచ్చం అదే! ఈ నీళ్ళు పోస్తే ఇంజను బతుకుద్దా?”

“బతకదండి. రెండో చెరువు దగ్గరికి ఏసురాజు వస్తుంటాడాండి?”

“వీడా?” పెద్దిరాజు పకపకా నవ్వాడు. “నా గేటు దాటి ఒక్క డ్రైవరు అడుగు పెట్టలేదు ఇంతవరకు. ఏ చెరువు నుంచి ఏ వైరస్ మోసుకొస్తారో! కాళ్ళు మందునీళ్ళలో ముంచకుండా నా పెళ్ళాం కూడా గట్టెక్కదు. బండి లోపలికి రావాలంటే టైర్లు కడిగించి నేనే తోలుకెళ్తాను.”

“ఆఖరిసారి ఎప్పుడు తోలారండి?”

ఆయన మీటరు అద్దం తుడవడం మొదలెట్టాడు. ఏసురాజే చెప్పాడు, నేల చూస్తూ. “మట్టల ఆదివారం నాడండి. చర్చికెళ్తానని సెలవడిగితే తిట్టి మరీ ఇచ్చారు. ఆ రోజు బండి ఆయనే తోలారు. సోమవారం నేను తోలేసరికి వేడి ముల్లు పైకెక్కేసింది. ఏమైందండీ అంటే, నీ పని నువ్వు చూసుకోరా అన్నారు.”

“మాకు బోరు లేదండి,” అన్నాను పెద్దిరాజుతో. “అదుగో, ఆ పంపు మున్సిపాలిటీది. మీ చేతిలో గ్లాసులో ఉన్నవి మీ బండిలోంచి దించిన నీళ్ళు. రోజూ పోసిన మంచినీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు లోపలే ఉంటుంది. చెరువు పేరు చెప్పింది మీరే. ఎవరు తెచ్చి పోయగలరో చెప్పింది కూడా మీరే.”

అప్పాయమ్మ టీ వడకట్టడం ఆపేసింది. టీ తాగుతున్న నలుగురూ ఇటే చూస్తున్నారు. పెద్దిరాజు మెడ దాకా ఎర్రబడింది.

“గట్టు బురదలో బండి ఉడికి కూలెంటంతా బయటికి తన్నేస్తే ఏం చెయ్యమంటావ్? అక్కడ టిన్ను నీళ్ళు కూలోళ్ళు తాగడానికే చాలవు. చేతికందినవి పోశాను. రెండు బకెట్లేగా!” అన్నాడు. వెంటనే వేలు చూపించాడు. “ఈ ముక్క బయట ఎక్కడన్నా అన్నావో, నా బళ్ళలో ఒక్కటి కూడా నీ గుమ్మం తొక్కదు.”

“తొక్కకపోతే మానెయ్యండి. వాడి లైసెన్సు వాడికివ్వండి.”

“ఇవ్వను. ఏం పీకుతావ్?”

“నేనేం చేస్తానండి? ఇక్కడ కూర్చుంటాను. మీ రేడియేటర్ నా బల్ల మీద ఉంటుంది, మీ బండి రోడ్డు మీద ఉంటుంది. రేపు రొయ్యల్ని ఎండలో ఆరబెట్టుకోండి.”

కూర్చున్నాను కూడా. నాలుగు బళ్ళు పోయాయని అప్పుడే తెలుసు నాకు. ఇంత చేసీ ఎవడి కోసం? ఈ ఏసురాజు కోసమా? నా మీద నాకే అసహ్యమేసింది. అయినా లేవలేదు.

పెద్దిరాజు రోడ్డు కేసి చూశాడు, ఫోను చూసుకున్నాడు, బూతు ఒకటి నమిలాడు. జేబులోంచి లైసెన్సు తీసి నేల మీదికి విసిరాడు. అది వెళ్ళి తుప్పు నీళ్ళ మడుగులో పడింది. ఏసురాజు వంగి తీసుకుని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “రేపట్నించి నేను రానండి,” అన్నాడు. పెద్దిరాజు అటు చూడనైనా చూడకుండా టీ బడ్డీకి వెళ్ళాడు.

ఇక వెళ్ళిపోతాడనుకున్నాను. వాడు సరాసరి నా బల్ల దగ్గరికొచ్చాడు. రేడియేటర్ తిప్పి, నా అతుకు మీద ఈ చివర నుంచి ఆ చివరికి బొటనవేలు నడిపాడు. నాన్న అలాగే చేసేవాడు.

“తొట్టిలో ముంచు,” అన్నాడు.

ఒళ్ళు మళ్ళీ మండింది. అయినా గొట్టాలు మూసి, తొట్టి నీళ్ళలో ముంచి, గాలి కొట్టాను. మామూలుగా కొట్టే దానికంటే ఎక్కువే కొట్టాను. అతుకు ఊడితే ఒక్క బుడగైనా రావాలి. ఇద్దరం వంగి చూశాం. ఎంతసేపు చూసినా ఒక్క బుడగ రాలేదు.

“నిలబడింది,” అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

“అప్పుడు గుసగుసగా అన్నావా? అందరి ముందూ అన్నావు కదా?”

వాడు తొట్టి మీంచి లేచి నిటారుగా నిలబడ్డాడు. తర్వాత టీ బడ్డీ వైపు తిరిగాడు. ఆదరణ కూడికలో అన్నంత గొంతుతోనే, “పెద్దిరాజు గారూ, అతుకు ఊడలేదండి. ఆశీర్వాదం గారి అమ్మాయి చేతి అతుకు ప్రెజర్‌కి నిలబడింది. ఆ రోజు నేనన్నది తప్పండి” అన్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వీడి ముందు ఏడుపేంటని ఆ ఏడుపు మీద కూడా కోపమొచ్చింది. మొహం తొట్టి వైపు పెట్టుకుని రేడియేటర్ పైకి తీశాను.

“ఊరికే నిలబడక ఆ పన్నెండు నంబరు పానా అందుకో. ఇంజను మూడుసార్లు కడగాలి,” అన్నాను. అన్నా అని మాత్రం అనలేదు.