మాడ్చిన చక్కెర

పక్క వాటా ప్రేమమణి కుడిచేతికి పిండికట్టు పడిన ఏడాది, పద్మారావు నగర్ మొత్తానికి పాకం పట్టగల మొనగాణ్ణి నేనేనని నేనే చాటింపు వేసుకున్నాను. కొడుకూ కోడలూ పొద్దున్నే మాదాపూర్ కంపెనీ బస్సెక్కి కంప్యూటర్ల దగ్గరికి పోతే, నాకు ఇరుగుపొరుగు వంటిళ్లే కాలక్షేపం.

ముప్పై ఏళ్లుగా వాళ్ల చర్చి పాటల బృందం క్రిస్మస్ ముందు రోజు ఆవిడింటికొచ్చి నల్లటి కేకు తిని వెళ్తుంది. చెయ్యి విరిగింది కదా, ఈసారి బేకరీలో కొందామన్నారట. "నేనింక బతికే ఉన్న" అందట ప్రేమమణి. పండ్లేమో అక్టోబరు నుంచే రమ్ములో నానుతున్నాయి. ఒకటే సీసా. పాడైతే మళ్లీ లేవు.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ చేతికి బదులు నా చెయ్యి ఉందంటూ వాళ్ల వంటింట్లో దూరి, సీసా మూత తీసి వాసన చూశాను. "ఈ ద్రాక్షపళ్లు నాకన్నా సుఖపడ్డాయమ్మా."

"ముక్కు తియ్యి రమణయ్యన్నా. ఉత్త చక్కెర పొయ్యి మీద పెట్టు. నల్లగయ్యేదాక దించకు."

"పాకం సంగతి నాకు చెప్తావేటి? మా మేనమామ పట్టిన పాకంలో గరిటె అతుక్కుపోతే, గరిటె వదలని ఆయన్ని గిన్నెతో సహా మూడూళ్లు మోశారు."

"నాలుగో ఊర్ల దించిన్రా?" అంటూ, ఫోన్ మోగితే ముందుగదిలోకి వెళ్లింది.

చక్కెర కరిగింది. తేనెరంగు తిరిగింది. ఎర్రబడింది. ఆ తర్వాత సన్నగా పొగ లేచింది. మా వైపు పాకం నుంచి పొగ వస్తే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొస్తారు. నల్లగా అంటే ఆవిడ ఉద్దేశం ఎర్రగా అయ్యుంటుందనుకున్నాను. మాడినదంతా తూములో పోసి, గిన్నె తోమి, డబ్బాలో బెల్లం కనిపిస్తే చక్కటి అరిసెల పాకం పట్టాను. నీళ్లలో చుక్క వేస్తే ముత్యంలా ఉండ కట్టింది.

ప్రేమమణి వచ్చి, ఎడమచేతి వేలు ముంచి నాకింది.

"ఏందన్నా ఇది?"

అబద్ధాలు నాలుగైదు నాలుక మీదికొచ్చాయి. సీసా వంక చూసి నిజమే చెప్పాను. "మాడిపోతోందని పారబోశాను."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "అది మాడాల్నే. ఆ చేదు లేకుంటే పండ్ల తీపి ఎక్కడ ఆనుతది? రొట్టెల సుభాన్ భాయ్ నాలుగింటికి కేకు కాల్చనీకి భట్టీల జాగా ఇస్తనన్నడు."

మూడుంపావు అయింది. మళ్లీ చక్కెర పెట్టాను. కరిగింది, ఎర్రబడింది, పొగ లేచింది. నా చెయ్యి దానంతటదే పట్కారు మీదికి పోయింది.

"ఇంకా" అంది.

నురగ పొంగింది.

"ఇంకా."

కళ్లు మండాయి. నురగ అణిగి, అడుగున తారులాంటి నలుపు మెరిసింది.

"ఇప్పుడు వేన్నీళ్లు. దూరం జరుగు."

గిన్నె బుస్సుమంది. చల్లారాక చెంచా అంచున నాకాను. చేదు, దాని వెనకాల తీపి, మధ్యలో నాకు పేరు తెలియని ఇంకేదో రుచి. ఇంకోసారి నాకాను. మూడోసారికి ఆవిడ గిన్నె లాక్కుంది.

పిండిలో పండ్లూ ఆ నల్లటి పాకమూ కలిపి, కేకు డబ్బాలో పోసి, సంచిలో పెట్టుకుని, చిలకలగూడ సుభాన్ భట్టీకి నేనే పరిగెత్తాను.

ఆ సాయంత్రం పాటల బృందంలో పెద్దావిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, ప్రేమమణి పిండికట్టు వంక చూసింది. "ఎప్పటి లెక్క అట్లనే ఉంది. ఎవరు చేసిన్రు?"

"నేనే," అంది ప్రేమమణి. "మాడవెట్టింది మాత్రం ఈ అన్న."

అంతమందిలో నాకు వంగి నమస్కారం పెట్టాలనిపించింది, పెట్టాను.